పాకురు: ఎల్లంతకుంట ప్రాంతంలో కుంట నుంచి ప్లాస్టిక్ కొలను దాకా

నిలిచిన నీటికి ఎండ తగిలితే పాకురు పట్టడం ఖాయం. మానేరుకు దక్షిణాన, సిరిసిల్ల నుంచి సిద్దిపేట వైపు పరుచుకున్న ఎల్లంతకుంట మండలంలో ఊరూరా కనిపించేది ఈ నిలిచిన నీరే. ఇది రాతి నేల. గ్రానైటు గుట్టల నడుమ పల్లానికి అడ్డంగా కట్ట పోసి, వాన నీటిని ఆపుకొని, దాని కిందే వరి వేసుకోవడం ఇక్కడ తరాల నాటి అలవాటు. ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్–సెప్టెంబరు నెలల్లోనే కురుస్తుంది. కుంట నిండి మత్తడి (అలుగు) దూకినన్నాళ్లూ నీళ్లు మట్టి రంగులోనే ఉంటాయి. సంక్రాంతి దాటాక మట్టం దిగుతుంది, నీరు వేడెక్కుతుంది, పశువులు దిగుతాయి. హోళీ నాటికి ఒడ్డు వెంట పచ్చటి తెట్టు తేలుతుంది. ఈ ప్రాంతపు నీటి చరిత్రలో సగం ఆ తెట్టును అదుపులో పెట్టుకోవడానికి జనం పడ్డ పాటే. (కరీంనగర్ జిల్లాలో రామాలయం ఉన్న ఇల్లందకుంట వేరు, ఈ ఎల్లంతకుంట వేరు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఈ మండలం కూడా కరీంనగర్ జిల్లాలోదే.)

పాకురు అనే ఒక్క మాట కింద చాలా జీవులు ఉన్నాయి. మెట్లకూ గోడలకూ జారుడుగా అంటుకునేది ఒక రకం. జుట్టు పాయల్లా సాగి, చేతికి చుట్టుకొనే నాచు ఇంకో రకం. కంటికి విడిగా కనిపించకుండా నీళ్లంతా కలిసిపోయి, వాటిని బెండకాయ రంగుకు తెచ్చేవి సూక్ష్మ శైవలాలు. ఇవి గాక నీలి-ఆకుపచ్చ తెట్టుగా తేలే సయనోబాక్టీరియా ఉన్నాయి. అవి నిజానికి బాక్టీరియా కులంలోవి, వాటిలో కొన్ని విషాలు విడుదల చేస్తాయి, అలాంటి నీళ్లు తాగిన పశువులు చనిపోవడం ప్రపంచంలో చాలా చోట్ల జరిగింది. వీటన్నిటికీ కావలసినవి ఒకటే: వెలుగు, వెచ్చదనం, కదలని నీరు, నత్రజని, భాస్వరం. చివరి రెండూ పేడ, మూత్రం, ఎరువు, చెత్త, సబ్బు నురగ రూపంలో నీటిలోకి చేరతాయి. పగలు పాకురు నీటిలోని బొగ్గుపులుసు వాయువును తినేస్తుంది, దాంతో నీటి క్షారగుణం పెరుగుతుంది. రాత్రి వెలుగు లేనప్పుడు అదే పాకురు ప్రాణవాయువును వాడుకుంటుంది. బాగా పచ్చబడ్డ కుంటలో తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరవడానికి కారణం ఇది. పగలు పెరిగే ఈ క్షారగుణాన్ని గుర్తు పెట్టుకోవాలి. తర్వాతి కాలంలో వచ్చిన క్లోరిన్ మందు కథంతా దానితోనే ముడిపడి ఉంది.

నీటిని తవ్వి నిలిపిన మనుషుల పేర్లు ఈ చుట్టుపక్కల వెయ్యేళ్ల కిందటివి కూడా దొరుకుతాయి. వేములవాడ రాజధానిగా చాళుక్యులు పాలించిన రోజుల్లో, పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద ఒక శాసనం చెక్కించాడు. క్రీ.శ. 945 ప్రాంతపు ఆ శాసనం తొలినాటి తెలుగు కంద పద్యాలకు నెలవుగా సాహిత్య చరిత్రలో ప్రసిద్ధి. నీటి చరిత్రకు అందులో పనికివచ్చే సంగతి వేరే ఉంది: అన్న బిరుదు మీదుగా కవితాగుణార్ణవమనే చెరువును, మదనవిలాసమనే తోటను జినవల్లభుడు వేయించినట్టు శాసనం చెబుతుంది. చెరువు, తోట జంటగా రావడం గమనించదగ్గది. తోటకు పారే చెరువులో నీరు నిలవ ఉండదు, రోజూ కొంత బయటికి పోతూనే ఉంటుంది. పాకురుకు తొలి అడ్డు ఆ పారకమే.

చెడ్డ నీటిని ఎలా గుర్తించాలో, ఎలా తేర్చాలో సంస్కృత వైద్య గ్రంథాలు చాలా ముందే రాసిపెట్టాయి. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో నాచు, బురద, గడ్డి, తామరాకు కప్పేసి ఎండా వెన్నెలా గాలీ తగలని నీటిని చెడిన నీటిగా లెక్కించారు. మురికి నీటిని తేర్చే ఏడు వస్తువుల పేర్లు కూడా చెప్పారు. చిల్లగింజ, గోమేదికం, తామర దుంప, బట్ట, ముత్యం, మణి అందులో ఉన్నాయి. ఆశ్చర్యంగా నాచు వేరు కూడా ఆ ఏడింటిలో ఒకటి. నీటిని చెడగొట్టేదే నీటిని తేర్చేదిగా ఎలా అయిందన్న ప్రశ్నకు ఆధునిక కాలంలో ఒక జవాబు దొరుకుతుంది. మెల్లగా నీరు దిగే ఇసుక వడపోత గుంటల్లో ఇసుక పైన సూక్ష్మజీవులూ శైవలాలూ కలిసి పలచటి పొరగా పేరుకుంటాయి, నీటిలోని క్రిములను పట్టి ఆపేది ప్రధానంగా ఆ పొరే. సుశ్రుతుడు చెప్పింది సరిగ్గా ఇదేనని అనడం తొందరపాటు అవుతుంది. నాచును శత్రువుగా మాత్రమే చూడని దృష్టి ఒకటి ఈ దేశంలో పాతదన్న మాట మాత్రం నిలుస్తుంది. వరాహమిహిరుడు బృహత్సంహితలో బావి నీటిని బాగుచేయడానికి అంజనం, తుంగముస్తెలు, వట్టివేళ్లు, ఉసిరిక, చిల్లగింజ వంటివి పొడి చేసి వేయమన్నాడు.

ఈ జాబితాల్లో పల్లె దాకా వచ్చి నిలిచింది చిల్లగింజ. దక్కను అడవుల్లో పెరిగే చిల్ల చెట్టు కాయలో బొత్తాము ఆకారపు గట్టి గింజ ఉంటుంది. కుండ లోపలి గరుకు గోడకు ఆ గింజను కొద్ది నీటితో అరగదీస్తారు. తెల్లటి గంధం లాంటి రసం దిగుతుంది. అందులో మురికి నీళ్లు పోసి, ఒకసారి కలియబెట్టి, మూత పెట్టి వదిలేస్తే కొన్ని గంటల్లో మట్టి అడుగున ముద్దకడుతుంది, పైన తేట నిలుస్తుంది. గింజలోని పదార్థాలు నీటిలో తేలే నలకలను ఒకదానికొకటి అతికించి బరువెక్కిస్తాయి. పటిక చేసేదీ, మునగ గింజల పొడి చేసేదీ ఇదే పని. పచ్చబడ్డ నీటిలో కూడా ఈ పద్ధతి కొంత పనిచేస్తుంది, సూక్ష్మ శైవలాలు సైతం ముద్దలో చిక్కి కిందికి పోతాయి. అయితే అవి చావవు. పై తేటను వంచుకొని అడుగును పారబోయకపోతే మళ్లీ లేస్తాయి. కుండకు సరిపోయే ఈ ఉపాయం కుంటకు సరిపోదు. అంత నీటిని తేర్చడానికి చాలినన్ని గింజలు ఏ అడవిలోనూ దొరకవు.

కుంటను కాపాడింది మందు కాదు, పని. ఆ పని ఎన్నో చేతుల మీద నడిచేది. తూము తెరిచి మూసే నీరటి పొలాలకు వంతుల వారీగా నీళ్లు వదిలేవాడు. వానాకాలంలో మత్తడి దూకితే పాత నీరు వాగులోకి పోయి కొత్త నీరు వచ్చేది. ఎండాకాలంలో మట్టం అడుగంటాక రైతులు బండ్లు కట్టుకొని శిఖంలోకి (కుంట లోపలి నేలలోకి) దిగేవారు. నల్లటి మెత్తటి పూడిక మట్టిని తవ్వి, బండికెత్తి, చెలకల్లో పోసుకునేవారు. చెలకకు అది ఎరువు. కుంటలోని పాకురుకు అది మేత తగ్గించడం: ఏడాది పొడుగునా పేడతోనూ పొలాల మట్టితోనూ వచ్చి అడుగున చేరిన భాస్వరం, నత్రజని ఆ మట్టితో పాటే బండెక్కి పోయేవి. మరుసటి ఏడు పాకురుకు దొరికే తిండి ఆ మేరకు తగ్గేది. పాకురును చంపే ప్రయత్నం ఇందులో ఎక్కడా లేదు, దాని మేతను ఏటా పొలానికి తరలించడమే ఉంది. నీటి పచ్చదనం మీద దక్కను పల్లె కనుక్కొన్న అన్ని ఉపాయాల్లో ఇంతకు మించిన తెలివైనది లేదు. డబ్బు ఖర్చు లేదు, విషం లేదు, పైగా పంటకు లాభం. రసాయనిక ఎరువులు చౌకగా దొరికిన రోజుల నుంచి ఈ బండ్లు తగ్గాయి, కుంటలు పూడాయి. 2015 మార్చిలో సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ కింద రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులూ కుంటలూ బాగుచేయాలని తలపెట్టినప్పుడు, తీసిన పూడికను రైతుల పొలాలకు చేర్చడాన్ని ఆ పథకంలో ముఖ్య భాగంగా పెట్టారు. అంతకు ముందు కనీసం ఒక తరం పాటు ఆ మట్టి కుంటల్లోనే పేరుకుంది.

కుంటలో చేపలు పెంచే ముదిరాజులకూ గంగపుత్రులకూ పచ్చదనం పట్ల వేరే లెక్క ఉంది. సన్నటి ఆకుపచ్చ రంగు నీటిలో మేత ఉందని చెబుతుంది. చేయి మోచేతి దాకా ముంచితే అరచేయి స్పష్టంగా కనిపించే నీరు చేపకు బీద నీరు. మోచేయి మునగడానికి చాలా ముందే అరచేయి కనిపించకుండా పోతే పచ్చదనం హద్దు మీరినట్టు, తెల్లవారుజామున చేప చనిపోయే ప్రమాదం ఉన్నట్టు. చెరువులో సున్నం, పేడ వేయడం చేపల పెంపకంలో మామూలు. 2016లో ప్రభుత్వం చేప పిల్లలను ఉచితంగా చెరువుల్లో వదలడం మొదలుపెట్టాక ఈ లెక్క తెలియాల్సిన వారి సంఖ్య పెరిగింది. ఒకే కుంటలో సాగుకు నీరు కోరేవారు, బట్టలుతికేవారు, గొడ్లను కడిగేవారు, చేప పట్టేవారు ఉన్నప్పుడు నీటి రంగు మీద అందరికీ ఒకే మాట ఉండదు.

తాగే నీరు మాత్రం కుంట నుంచి వచ్చేది తక్కువ, బావి నుంచి వచ్చేదే ఎక్కువ. చేదబావి లోతుగా ఇరుకుగా ఉండి, వెలుగు లోపలికి ఎక్కువ దిగదు. అందుకే గోడలకు కొంత పట్టినా నీళ్లు పచ్చబడవు. పురుగూ నాచూ తినడానికి బావిలో నాలుగు చేపల్నో ఒక తాబేలునో వదిలే అలవాటు చాలా ఊళ్లలో ఉండేది. వ్యవసాయ బావుల్లో మోట తోలినన్నాళ్లూ పొద్దూమాపూ నీరు మారుతుండేది. ఆ ఊట నీళ్లలోనే ఊరి పిల్లలు ఎండిన సొరకాయ బుర్రలు, తర్వాత రోజుల్లో టైరు ట్యూబులు నడుముకు కట్టుకొని ఈత నేర్చుకున్నారు. చిక్కల్లా దిగుడుబావులతోనే. వెడల్పాటి నోరు, ఎండ సోకే మెట్లు, నీటిలో నిలబడి కడవ ముంచే పద్ధతి వల్ల వాటి మెట్లు పాకురు పట్టి జారేవి. కాళ్లు జారి పడిన వాళ్ల సంగతి అటుంచి, అసలు ప్రమాదం కంటికి కనిపించనిది. నారికురుపు వచ్చిన మనిషి నీటిలో దిగగానే ఆ కురుపులోని పురుగు పిల్లల్ని వదిలేది. నీటిలో సూక్ష్మ జీవుల్ని తిని బతికే సైక్లాప్స్ అనే చిన్న ప్రాణి వాటిని మింగేది. ఆ నీళ్లు వడకట్టకుండా తాగిన వారి శరీరంలో ఏడాదికి మళ్లీ పురుగు బయటికి వచ్చేది. దేశంలో ఈ వ్యాధి ఉన్న రాష్ట్రాల్లో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1983–84లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద దిగుడుబావుల మెట్లు మూసి చేదబావులుగా మార్చడం, నీటిలో టెమిఫాస్ అనే మందు చల్లడం, బట్టతో వడకట్టుకొని తాగమని ఇంటింటా చెప్పడం జరిగాయి. చివరి రోగి 1996లో రాజస్థాన్‌లో తేలాడు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం నారికురుపు నుంచి బయటపడిందని ధ్రువీకరించింది. సుశ్రుతుడి ఏడు వస్తువుల్లో ఒకటైన బట్ట ఇరవయ్యో శతాబ్దంలో ఇంత పెద్ద రోగాన్ని ఓడించడంలో పాలుపంచుకుంది.

గుడి కొలనులది మరో సమస్య. వేములవాడ రాజరాజేశ్వరస్వామి గుడి ముందరి ధర్మగుండంలో స్నానం చేసి, తడి బట్టలతో దర్శనానికి వెళ్లడం, కోడె మొక్కు చెల్లించడం భక్తుల ఆనవాయితీ. మహాశివరాత్రికి లక్షల మంది వస్తారు. కొలనుకు కుంటలా మత్తడి లేదు, బావిలా నీడ లేదు, పైగా స్నానం చేసే ప్రతి ఒంటి నుంచీ చెమట, నూనె, పసుపు, కుంకుమ, పూలు నీటిలోకి చేరతాయి. ఇలాంటి కొలనును బాగుచేయడానికి పాత రోజుల్లో ఉన్న దారి ఒక్కటే: నీరంతా తోడి, మెట్లను చీపుళ్లతో రుద్ది, ఎండబెట్టి, కొత్త నీటితో నింపడం. ఎండకు పూర్తిగా ఆరిన రాయి మీద మిగిలిన పాకురు చాలా వరకు చచ్చిపోతుంది. నేటి ఈతకొలను పనిలోనూ ఈ రుద్దడం, ఎండబెట్టడం ఉన్నాయి. జనం దిగే, నిలిచిన, ఎండలో ఉన్న నీటిని మార్చకుండా వాడుకోవాలన్న కోరిక మాత్రం కొత్తది. ఆ కోరిక తీర్చినవి రెండు రసాయనాలు.

మొదటిది క్లోరిన్. 1774లో షీలే దాన్ని కనుక్కొన్నాడు. 1799లో గ్లాస్గోకు చెందిన చార్లెస్ టెనెంట్ నీళ్లు చల్లి పొడి చేసిన సున్నం మీదికి క్లోరిన్ పంపి బ్లీచింగ్ పొడి తయారుచేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అది నీటి కోసం పుట్టలేదు, నేత బట్టను తెల్లబరచడానికి పుట్టింది. 1804లో స్కాట్లండ్‌లోని పేస్లీలో జాన్ గిబ్ కట్టిన తొలి ఇసుక వడపోత కూడా బట్టలు తెల్లబరిచే కార్ఖానా కోసమే. నీటిని శుద్ధి చేసే రెండు పెద్ద సాధనాలూ నేతవారి పరిశ్రమలోంచి రావడం సిరిసిల్ల లాంటి మగ్గాల పట్టణం ఉన్న జిల్లాలో చెప్పుకోవలసిన విషయం. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ నీటి సరఫరాలో క్లోరిన్‌ను ఎడతెగకుండా కలపడం మొదలైంది. తర్వాత కొద్ది ఏళ్లకే అది ఈతకొలనులకు పాకింది. రెండోది మైలుతుత్తం. 1885లో ఫ్రాన్స్‌లో మిలార్డె ద్రాక్ష తెగులుకు తుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమాన్ని ప్రకటించాడు. 1904లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞులు మూర్, కెల్లర్‌మన్ అతి తక్కువ పాళ్లలో తుత్తం కలిపితే జలాశయాల్లో శైవలాలు చస్తాయని చూపించారు. తెలంగాణ రైతు ఈ రెండో వస్తువును తోట మందుగా ముందే ఎరుగును. నీటి మందుగా దాన్ని వాడుకునే అవసరం పల్లెలో పెద్దగా రాలేదు, రాకపోవడమే మేలైంది. రాగి చేపకు విషం. గ్రానైటు నేలల కఠిన జలంలో చాలా రాగి పనిచేయకుండానే అడుగుకు చేరి పూడికలో ఉండిపోతుంది.

బ్లీచింగ్ పొడి మాత్రం ప్రతి పంచాయతీకీ చేరింది. వాన మొదలవగానే కలరా, వాంతిభేదుల భయంతో ఊరి బావిలో క్లోరిన్ వేయడం ఆరోగ్య శాఖ దశాబ్దాలుగా నేర్పిన పని. దాని తీరు ఇది. ముందు బావి వెడల్పు, నీటి లోతు తాడుతో కొలుస్తారు. 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల నీరు ఉన్న గుండ్రటి బావిలో సుమారు 28 వేల లీటర్లు ఉంటాయి. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల తాజా పొడి చొప్పున 70 గ్రాములు కావాలి. ఆ పొడిని నేరుగా నీటిలో చల్లరు. బకెట్‌లో కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, తర్వాత ముప్పాతిక దాకా నీళ్లు పోసి, బాగా తిప్పి, అయిదు పది నిమిషాలు వదిలేస్తారు. సున్నం అడుగుకు దిగుతుంది. పైన నిలిచిన తేటను మరో బకెట్‌లోకి వంచి, ఆ బకెట్‌ను తాడుతో బావిలోకి దించి, నీటి లోపల పైకీ కిందికీ ఆడిస్తారు. అడుగు సున్నాన్ని బావిలో పోయరు, పోస్తే నీటి కఠినత్వం పెరుగుతుంది. గంట ఆగాక నీరు తాగవచ్చు. పొడి పాతబడితే బలం పోతుంది. మూత సరిగ్గా లేని డబ్బాలో వేసవి గడిపిన పొడికి వాసన ఉంటుంది గాని పస ఉండదు. ఈ ఒక్క విషయం తెలియక కొత్తగా కొలను పెట్టుకున్నవారు ఎందరో డబ్బాల కొద్దీ పొడి పోస్తూ పచ్చ నీళ్ల ముందు నిలబడిపోతున్నారు.

బోరుబావులు వచ్చాక ఊరి బావులు ఎండాయి, పిల్లల ఈత ఆగింది. నీళ్లు ఇంటి హౌజులోకీ డాబా మీది నల్ల ప్లాస్టిక్ ట్యాంకులోకీ చేరాయి. ఆ ట్యాంకు నలుపు కావడానికి ఒక కారణం పాకురు: వెలుగు దూరని గోడల మధ్య అది పెరగదు. హౌజుకు మూత వేస్తారు, నెలకోసారి అడుగు కడిగి, కొబ్బరిపీచుతో గోడలు రుద్ది, కొందరు లోపల సున్నం కొడతారు. తాజా సున్నపు తీవ్రమైన క్షారంలో శైవలం బతకదు. మరోవైపు, 1963లో పునాదిరాయి పడిన పోచంపాడు ప్రాజెక్టు కాకతీయ కాలువతో కోరుట్ల, జగిత్యాల వైపు వరి విస్తరించి, పొలాల ఎరువు కలిసిన నీరు చెరువుల్లోకి దిగింది. ఎల్లంతకుంట వైపు నీళ్లు రావడానికి చాలా కాలం పట్టింది. కాళేశ్వరం ఎత్తిపోతల్లో భాగంగా అనంతగిరి దగ్గర కట్టిన అన్నపూర్ణ జలాశయం 3.5 టీఎంసీలది. 2020లో అందులోకి నీరు ఎక్కింది. అంత పెద్ద నీటిలో, గాలి అలలు వేసే చోట, నీరు వస్తూ పోతూ ఉన్నంత కాలం పాకురు ఒడ్డు రాళ్లకే పరిమితం. నీరు చేరిన కుంటల్లో చేప పెరిగింది, ఒడ్డు వెంట తెట్టు కూడా మళ్లీ కనిపించింది.

ఇక ప్లాస్టిక్ కొలను. నేల తవ్వకుండా, ఇనుప చట్రం మీద షీటు బిగించి నిలబెట్టే ఫ్రేమ్ పూల్ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా ఇళ్ల పెరళ్లలో వ్యాపించింది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అది ముందే పరిచయం. ఆన్‌లైన్ అమ్మకాలు వచ్చాక మన పట్టణాల్లోనూ పల్లెల్లోనూ వేసవి సెలవుల కోసం కొనేవారు పెరిగారు. 12 అడుగుల వ్యాసం, రెండడుగుల నీరు ఉన్న చిన్న కొలనులో దాదాపు 6,400 లీటర్లు పడతాయి. అంటే ఆరు టన్నుల పైన బరువు, దీన్ని డాబా మీద పెట్టకూడదు. బోరు నీటితో నింపిన రోజు కొలను అద్దంలా ఉంటుంది. నాలుగో రోజు అడుగు జారుతుంది, వారానికి పచ్చబడుతుంది. ఈ కొలనులో కుంటకు ఉన్న కష్టాలన్నీ ఉన్నాయి: ఎండ, వెచ్చదనం, నిలవ, సాగు ప్రాంతపు బోరు నీటిలో తరచుగా ఉండే నైట్రేటు. కుంటకు ఉన్న దిక్కులేవీ లేవు. మత్తడి లేదు, చేప లేదు, పూడిక బండి లేదు, నీరటి లేడు. ఆ పనులన్నీ ఇప్పుడు ఇంటివారే చేయాలి.

పచ్చబడ్డ కొలనును తిరిగి తేటపరచడంలో క్రమం ముఖ్యం. ముందు చేతిజాలితో ఆకులు తీసి, బ్రష్‌తో గోడలూ అడుగూ రుద్దాలి. జిగురు పొర కింద దాగిన పాకురును క్లోరిన్ తాకలేదు, రుద్దితేనే అది నీటిలోకి లేచి మందుకు దొరుకుతుంది. తర్వాత పరీక్ష కాగితంతో పీహెచ్ (క్షారగుణపు కొలత) చూడాలి. క్లోరిన్‌లో క్రిమిని చంపే రూపం పీహెచ్ 7.5 దగ్గర సగం ఉంటుంది, 8.5 దగ్గర పదో వంతుకు పడిపోతుంది. కఠినమైన బోరు నీరు ఒక పక్క, బొగ్గుపులుసు వాయువు తినేసే పాకురు ఇంకో పక్క పీహెచ్‌ను పైకి లాగుతుంటే, ఎంత క్లోరిన్ పోసినా చాలా వరకు వృథా. అందుకే పీహెచ్‌ను ముందు 7.2–7.6 మధ్యకు దించుకోవాలి. ఆ పైన, పొద్దు గుంకాక క్లోరిన్ వేయాలి. రక్షణ కలపని క్లోరిన్‌ను ఎర్రటి ఎండ గంటలోపే సగానికి పైగా హరించేస్తుంది. 6,400 లీటర్లలో లీటరుకు 10 మిల్లీగ్రాములు రావాలంటే 64 గ్రాముల క్లోరిన్ కావాలి, అంటే తాజా బ్లీచింగ్ పొడి సుమారు 200 గ్రాములు, బావి పద్ధతిలోనే నానబెట్టి తేట మాత్రమే పోయాలి. రాత్రంతా ఫిల్టరు తిరగాలి. పొద్దున నీరు పచ్చ నుంచి తెల్లటి మసకకు మారితే పాకురు చచ్చినట్టు. ఆ మసక చచ్చిన శైవలమే. అది దిగడానికి కొంత పటిక సాయపడుతుంది. చిల్లగింజ చేసిన పనే ఇది, కాబట్టి అడుగున చేరిన ముద్దను పీల్చి బయట పోయడం మరవకూడదు. క్లోరిన్ లీటరుకు 2–3 మిల్లీగ్రాములకు తగ్గాకే పిల్లల్ని దింపాలి, ఆ తర్వాత రోజూ ఒక మిల్లీగ్రాము కంటే తగ్గకుండా చూసుకోవాలి.

ఎండ నుంచి క్లోరిన్‌ను కాపాడటానికి సయన్యూరిక్ ఆమ్లం ఉంది. లీటరుకు 30–50 మిల్లీగ్రాములు చాలు. తేలే డబ్బాలో వేసే గుండ్రటి క్లోరిన్ బిళ్లల్లో అది కలిసే ఉంటుంది. బిళ్ల కరిగిన కొద్దీ క్లోరిన్ ఖర్చవుతుంది గాని ఈ ఆమ్లం నీటిలోనే మిగిలి పెరుగుతూ పోతుంది, హద్దు దాటితే క్లోరిన్ చేతులు కట్టేసినట్టవుతుంది. బిళ్లలు సరిగ్గా వేస్తున్నా నెల తర్వాత కొలను ఎందుకు పచ్చబడిందో అర్థం కాని ఇళ్లలో చాలా సార్లు కారణం ఇదే. దీనికి విరుగుడు మందు లేదు, కొంత నీరు తీసి కొత్త నీరు పోయడమే, అంటే మత్తడి పని. రెండు రకాల క్లోరిన్ మందులను పొడిగా కలపకూడదు, బ్లీచింగ్‌లో యాసిడ్ పోయకూడదు. విష వాయువు లేస్తుంది, మంటలు కూడా పుట్టవచ్చు. కొలను వాడని వేళ నల్లటి టార్పాలిన్ కప్పితే డాబా మీది ట్యాంకు సూత్రం ఇక్కడా పనిచేస్తుంది. దిగేముందు కాళ్లు కడుక్కోవడం, తలకు నూనె లేకుండా చూసుకోవడం పాకురు మేతను తగ్గిస్తాయి.

సీజను చివర నీళ్లు పారబోసే ముందు రెండు మూడు రోజులు మందు ఆపి ఎండకు వదిలితే క్లోరిన్ పోతుంది, ఆ నీళ్లు చెట్లకు పెట్టవచ్చు. తుత్తం కలిపిన పాకురు మందు వాడి ఉంటే మాత్రం ఆ నీటిని కుంటలోకి గాని వాగులోకి గాని వదలకూడదు, అందులోని రాగి ఎండకు పోయేది కాదు, చేప దాన్ని తట్టుకోలేదు. షీటును రుద్ది కడిగి, మడతల సందులు కూడా ఆరేదాకా ఎండబెట్టి, ఆ పైనే చుట్టి పెట్టాలి. చేతిజాలి, బ్రష్, ఫిల్టరు గొట్టాలను పలచటి బ్లీచింగ్ నీటిలో ముంచి ఆరబెట్టకపోతే, వచ్చే వేసవికి పాకురు వాటితోనే మళ్లీ కొలనులోకి చేరుతుంది.